ఎర్రగిన్నె చప్పుడు

టక్.

కాస్త విరామం. మళ్లీ టక్. ఆ తరువాత, తడిగుడ్డ నేలమీద పడ్డట్టు, టప్.

సందు మలుపు ఇంకా తిరగనే లేదు. అక్క పిడుల కొట్టు తలుపు గాని, దాని రేకు చూరు గాని ఇంకా కంటబడనే లేదు. చప్పుడు మాత్రం ముందుగా ఎదురొచ్చి పలకరించింది. చెల్లెలు చేతిసంచి గోడకానించి అక్కడే నిలబడిపోయింది. మొదటి రెండూ గట్టి చెక్కలు. మూడవది లోపల పుచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముఖం తెలియని గొంతులను ఒకదానికొకటి కలిపి, నిరుడే ఉద్యోగ విరమణ చేసిన మనిషి ఆమె. అన్ని గొంతులు విన్నా, చెక్క గొంతును ఆమె చెవి మరిచిపోలేదు.

ఇప్పుడు ఆమె ఎదురుచూస్తున్నది నాలుగవ చప్పుడు కోసం. ఆ కొట్టులో మంచి చెక్కను కిటికీ కింద పొట్టు మీదికి విసురుతారు. పుచ్చిన దాన్ని వెనుక రేకుగోడ మీదికి విసురుతారు. పొట్టు మీద పడితే వినపడదు. వినపడకపోతే అక్క మోసపోయినట్టే.

రేకుగోడ ఖంగుమంది.

చెల్లెలు బిగబట్టిన ఊపిరి వదిలింది. వదిలీ వదలక ముందే ఒక ప్రశ్న ఆమెను పట్టుకుంది. చెవులు వినపడని మనిషికి పుచ్చు ఎలా తెలిసింది?

అక్క కూతురు మొన్న ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మ చెవి మిషన్ పెట్టుకోవడం లేదు. డాక్టరు ఇచ్చి మూడు నెలలైంది, మేకుల డబ్బాలో పారేసింది. పోయిన వారం రంపం పట్టీ తెగింది. తెగే ముందు టిక్కు టిక్కుమంటుంది కదా, వీధిలో వాళ్లకి కూడా వినిపించింది. ఈవిడ మాత్రం దాని ముందే నిలబడి తాపీగా చెక్క తోస్తోంది! భుజం మీద గీరుకుపోయింది కాబట్టి సరిపోయింది. ఇక నా వల్ల కాదు. ఈ నెలాఖరులోగా మిషన్ పెట్టుకోకపోతే రంపానికి కరెంటు తీయించేస్తాను, కొట్టుకి తాళం వేసేస్తాను. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు."

"నా మాట వింటుందా?"

"ఎవరి మాటా వినదు, వినపడదు కూడా. అయినా నువ్వు రా."

ఆ ఫోన్ పెట్టేసిన దగ్గరనుంచి ఆమెకు నిద్ర లేదు. కొట్టు మూతబడితే అక్క బతకదని కాదు. బతుకుతుంది, గోడకు తగిలించిన రంపంలా. అక్కను అలా చూడవలసి వస్తుందేమోనన్నదే ఆమె భయం. దాని వెనుక ఇంకొక భయం ఉంది. నలభై ఏళ్లుగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట ఒకటి, ఈసారైనా చెప్పకపోతే ఇక చెప్పడానికి చెవి మిగలదేమో.

లోపల అక్క ఒంటరిగా లేదు. వడ్రంగి ఒకడు గల్లాబల్ల మీద రెండు చేతులూ ఆనించి, ముఖం కందగడ్డలా చేసుకుని అరుస్తున్నాడు.

"సుత్తికి! సుత్తికి పిడి కావాలి! పొట్టిది!"

"అరవకయ్యా, తుంపర్లు పడుతున్నాయి" అంది అక్క. "మాట కనిపిస్తే చాలు నాకు. ఆ మీసం తీయించుకో, ఇంకా బాగా వినిపిస్తావు."

"చూశారా అమ్మా" అన్నాడు వడ్రంగి, గుమ్మంలోకి వచ్చిన చెల్లెలి వైపు తిరిగి. "ఈవిడతో మాట్లాడటం కంటే చెక్కతో మాట్లాడటం నయం. అదైనా కొడితే పలుకుతుంది!"

అక్క తల తిప్పింది. అరవై ఆరేళ్ల తల; జుట్టులో రంపపు పొట్టు. చెల్లెల్ని చూసి నవ్వలేదు, ముడుచుకోనూ లేదు.

"వచ్చావా అమ్మా. కూర్చో. ప్రయాణం బాగా జరిగిందా?"

అంతే. పెళ్లిళ్లకూ చావులకూ కలిసినప్పుడల్లా అదే ప్రశ్న, అదే మర్యాద. పక్కింటి కొత్త కోడలితో మాట్లాడినంత మర్యాద. ఇంట్లో అందరూ తనను చిన్నదీ అని పిలిచే రోజుల్లో అక్క ఒక్కతే వేరే పేరుతో పిలిచేది. ఆ పేరు అక్క సొంతం; ఇంకెవరైనా ఆ పేరుతో పిలిస్తే వాళ్ల మీద మండిపడేది. నలభై ఏళ్లయింది ఆ పేరు విని.

వడ్రంగి వెళ్లాక అక్క మళ్లీ పనిలో పడింది. అప్పుడు చూసింది చెల్లెలు. అక్క చెక్క కొసను పళ్ల మధ్య కరిచి పట్టుకుంది. రెండవ కొసను ఎడమ చేత్తో ఎత్తి, కుడి చేతిలోని కొయ్యసుత్తితో మధ్యన తట్టింది. టక్. కళ్లు అరమూసి, ఆ అదురును దవడలోకి తీసుకుని, తల పంకించి, కిటికీ కిందికి విసిరింది. ఆ సుత్తి నాన్నది. దాని పిడి నాన్న అరచేతి ఆకారానికి అరిగిపోయి, ఇప్పుడు అక్క అరచేతి ఆకారానికి మళ్లీ అరుగుతోంది.

కొట్టు మారలేదు. గోడ వెంట వరుసగా నిలబెట్టిన గొడ్డలి పిడులు, పలుగు పిడులు, సమ్మెట పిడులు. నూనె గుడ్డ వాసన. గరుకు కాగితం రుద్దిన ధూళి మీద కిటికీలోంచి వాలిన ఎండ. వెనుక రేకుగోడకు, మనిషి గుండె ఎత్తున, పిడికిలంత సొట్ట. దాన్ని ఎవరూ సరిచేయించలేదు. చెల్లెలు చూపు తిప్పుకుంది.

సాయంత్రం టీ గ్లాసులు మధ్యన పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. అక్క కూతురు మేకుల డబ్బా తెచ్చి బోర్లించింది. మేకుల మధ్య నుంచి గింజంత యంత్రం దొర్లింది.

"పిన్ని ముందు పెట్టుకో, చూస్తాను."

"పెట్టుకున్నానుగా ఒకసారి" అంది అక్క. "ప్రపంచంలో ఉన్న గిన్నెలన్నీ ఒక్కసారిగా ఎవరో కింద పడేసినట్టుంది. నా నడకే నాకు ఏనుగు నడకలా వినిపించింది. నువ్వు అన్నం నమిలితే గానుగ ఆడినట్టుంది."

"అలవాటు పడాలమ్మా!"

"అరవై ఆరేళ్లు అలవాటు పడ్డాను, వినకుండా ఉండటానికి. ఇప్పుడు ఇది చెవిలో వేలాడేసుకుని కూర్చుంటే వచ్చే పోయే వాళ్లు ఏమంటారు? చెక్క చప్పుడు వినలేని మనిషి పిడులు చేసిందట ఇన్నాళ్లూ, అనరూ?"

"అంటే అననీ! భుజం తెగితే ఎవరు కుట్టిస్తారు?"

కూతురు గ్లాసులు తీసుకుని విసవిసా లోపలికి వెళ్లిపోయింది. తలుపు ధడాలున పడింది. అక్కకు వినపడలేదు, కానీ గ్లాసు తీసిన చోట మిగిలిన టీ చుక్క వణకడం చూసి, "తలుపు విరగ్గొట్టిందా?" అని అడిగింది. చెల్లెలికి నవ్వు వచ్చింది, నవ్వు వెనుకే ఏడుపూ వచ్చింది. చిన్నప్పుడూ ఇంతే. అక్క ప్రతిదీ కళ్లతో పోగుచేసుకునేది. లోకమంతా దాన్నే వినడమనుకునేది.

నాన్న కూడా అలాగే అనుకున్నాడు.

గాలివాన వెలిసిన ప్రతిసారీ నాన్న కూతుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని చెట్లలోకి వెళ్లేవాడు. నిలబడ్డ చెట్టును నాన్న నరికేవాడు కాదు. రాలిన కొమ్మలే ఆయన సరుకు. ఒక్కో కొమ్మనూ ఎత్తి, తట్టి, కూతుళ్ల ముందు పట్టుకునేవాడు. "కళ్లు మూసుకోండి. కళ్లు తెరిచి వింటే చెక్క అబద్ధం చెబుతుంది." ఇద్దరూ కళ్లు మూసుకునేవారు; నిజానికి అక్క ఒక కన్నే మూసుకునేది. వీపు వెనుక అక్కాచెల్లెళ్ల చేతులు కలిసి ఉండేవి. మంచి చెక్క అయితే చెల్లెలు ఒకసారి నొక్కేది, పుచ్చు అయితే రెండుసార్లు. అక్క గట్టిగా జవాబు చెప్పేది. నాన్న మురిసిపోయేవాడు. ఈ ఏర్పాటు ఎప్పుడు, ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ తెలియదు. నడక నేర్చినట్టు అదీ వచ్చేసింది.

కొన్ని కొమ్మలను నాన్న తట్టేవాడు కూడా కాదు. వాటి మీద, నాచు మధ్య, చిటికెన వేలి గోరంత పుట్టగొడుగులు, ఎర్రటి గిన్నెల్లా మొలిచి ఉండేవి. లోపల దానిమ్మ గింజ రంగు, బయట పాలిపోయిన తెలుపు. చలికాలం చివర, ఇంకే పువ్వూ ధైర్యం చేయని రోజుల్లో, చచ్చిన కొమ్మ మీద అవి మాత్రం పెళ్లివారిలా కూర్చునేవి. "ఎర్రగిన్నె పట్టిన కొమ్మ పిడికి పనికిరాదు. దాని బలమంతా ఇది తాగేసింది" అని నాన్న వాటిని కూతుళ్లకు ఆడుకోవడానికి ఇచ్చేవాడు. ఒకనాడు ఒక గిన్నెను అరచేతిలో పెట్టుకుని మెల్లగా ఊపిరి తగిలించి, చిన్నదాని చెవి దగ్గర పట్టుకున్నాడు.

సుస్‌స్‌స్.

అంత చిన్న చప్పుడును ఆమె అంతకుముందు వినలేదు, ఆ తరువాతా వినలేదు. దోసిట్లో ఎవరో రహస్యం చెప్పి నోరు మూసుకున్నట్టుంది. కళ్లు తెరిచేసరికి గిన్నె లోంచి పుప్పొడిలాంటి సన్నని తెల్లని పొగ లేచి కరిగిపోతోంది.

"కళ్లు మూసుకుని విన్నవాళ్లకే దీనికి పేరు పెట్టే హక్కు" అన్నాడు నాన్న.

"తుమ్ములమారి!" అంది చిన్నది వెంటనే. నాన్న పడీ పడీ నవ్వాడు.

అక్క వంతు వచ్చింది. ఒక కన్ను మూసి, ఒక కంటితో పొగ లేవడం చూసి, "విన్నాను!" అంది. "పేరు కూడా పెట్టాను. చెప్పను."

"చెప్పవే!"

"చెప్పను. నాది మనసులో పేరు."

ఎంత బతిమాలినా చెప్పలేదు. అమ్మ చెప్పమన్నా చెప్పలేదు. ఏటా ఎర్రగిన్నెలు వచ్చేవి, పోయేవి. పేరు మాత్రం అక్క నోరు దాటలేదు.

చెల్లెలికి పంతొమ్మిది నిండిన ఏడు ఎవరితోనో నాన్న అంటుండగా ఆమె తలుపు చాటు నుంచి విన్నది. "చెవి అంటే మా పెద్దదానిది. చిన్నదానికి ఇల్లు పట్టదు, గాలిపిల్ల." ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. విన్నది తాను, పేరు అక్కది. మర్నాడు నాన్న కొయ్యసుత్తిని పెద్దకూతురి చేతికి అప్పగించడానికి చివరి పరీక్ష పెట్టాడు. పన్నెండు చెక్కలు. వీపు వెనుక చేతులు కలిశాయి. ఆరు చెక్కలు సవ్యంగా సాగాయి. ఏడవది టప్‌మంది. చెల్లెలు నొక్కలేదు. వేళ్లు విడిపించుకుని, చేతిని తన ఒడిలో పెట్టుకుంది.

అక్క ఒక ఊపిరి ఆగింది. ఇంకొక ఊపిరి ఆగింది. "మంచిదే" అంది.

నాన్న దాన్నే సమ్మెటకు బిగించి, పెరట్లో రాయి మీద ఒక్క దెబ్బ వేశాడు. పిడి విరిగి, ఇనుప తల గాలిలో ఎగిరి, రేకుగోడను గుద్దుకుంది. ఆయన కొయ్యసుత్తిని అటక మీద పెట్టేశాడు. ఎక్స్‌ఛేంజి ఉద్యోగం ఉత్తరం అప్పటికే చెల్లెలి పెట్టెలో ఉంది. ఆ వారమే ఆమె వెళ్లిపోయింది. అక్క గుమ్మం దాకా వచ్చి, "జాగ్రత్త అమ్మా" అంది. పాత పేరు పోయి ఆ 'అమ్మా' అక్కడే మొదలైంది.

చెల్లెలు కొట్టుకు వచ్చిన మర్నాటి ఉదయం అక్క గోనెసంచి భుజాన వేసుకుని చెట్లలోకి బయలుదేరింది. రెండు రోజుల కిందటి గాలికి కొమ్మలు రాలాయట. "వస్తావా?" అనలేదు, గుమ్మం దగ్గర రెండవ జత రబ్బరు చెప్పులు మాత్రం పెట్టింది. చెల్లెలు మేకుల డబ్బా లోంచి యంత్రాన్ని తీసి, రుమాలులో చుట్టి, నడుముకు దోపుకుంది.

నేల తడిసి మెత్తగా ఉంది. అక్క ముందు నడుస్తోంది, చెల్లెలు వెనుక. వీపుకు మాట చెప్పడం ముఖానికి చెప్పినంత కష్టం కాదు కాబట్టి, ఆమె మొదలుపెట్టింది.

"అక్కా, ఆ రోజు నేను కావాలనే చేశాను. నాకు ఈర్ష్య పుట్టింది. నువ్వు పడిపోవాలనే అనుకున్నాను. నాన్న ముందు నువ్వు..."

అక్క వంగి ఒక కొమ్మ ఎత్తి, పళ్లతో పట్టుకుని, తట్టి, పక్కన పడేసింది. ఒక్క మాటా వినలేదు. నలభై ఏళ్లు కూడబెట్టిన ధైర్యం గాలికి పోయింది. చెల్లెలికి ఒళ్లు మండింది. ఎవరి మీదనో తెలియని కోపం. అక్క భుజం పట్టుకుని ఇటు తిప్పి, ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"చెయ్యి తీసేశానక్కా! ఏడో చెక్కకి! కావాలనే తీసేశాను!"

పక్షులు లేచిపోయాయి. ఎక్కడో కుక్క మొరిగింది.

"ఎందుకలా అరుస్తావు?" అంది అక్క. "నాకేమైనా చెవుడా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు అక్క పెదవి వంకర తిరిగింది. తరువాత చెల్లెలు పగలబడింది. నవ్వి నవ్వి, పడిపోయిన ఒక పెద్ద కొమ్మ మీద కూలబడ్డారు.

"తీసేశావని తెలుసు" అంది అక్క చివరికి, నాచు గిల్లుతూ. "నా చేతిలోంచి చెయ్యి పోతే నాకు తెలియదూ? మంచిదే అన్నది కూడా తెలిసే అన్నాను. నువ్వు లేకుండా ఏదో ఒకటి చెప్పాలిగా. మర్నాడే చెక్కను పళ్లతో పట్టడం మొదలుపెట్టాను. రెండేళ్లు పట్టింది, అప్పుడు గాని నాన్న అటక మీది సుత్తి దించి ఇవ్వలేదు. ముందు పన్ను ఒకటి ఊడింది కూడా, ఇదిగో చూడు." నోరు తెరిచి చూపించింది.

"మరి కోపం?"

"కోపం లేకేం? బోలెడు. చెయ్యి తీసినందుకు కాదు. తీశాక నాతో పోట్లాడకుండా వెళ్లిపోయావు చూడు, అందుకు. జుట్టు పట్టుకుని నాలుగు తగిలించుకుని ఉంటే ఆ పూటతో పోయేది."

"ఇప్పుడు తగిలించు."

"ఇప్పుడేముంది నీ నెత్తిన, పట్టుకోవడానికి!"

చెల్లెలు తల తడుముకుంది. చెయ్యి కిందికి దించుతుండగా వేళ్లకు చల్లగా తగిలింది. ఇద్దరూ కూర్చున్న కొమ్మ పక్కనే, తడి ఆకుల కింద సగం దాగి, ఎర్రగిన్నెలు. ఒకటి, మూడు, ఏడు. అదే దానిమ్మ రంగు. నాన్న కాలం నాటివే కదలకుండా కూర్చున్నాయా అన్నట్టు.

అన్నిటికంటే ముదురుగా విచ్చుకున్న దాన్ని ఆమె పుల్లతో సహా విరిచి అరచేతిలో పెట్టుకుంది. రుమాలు విప్పింది. యంత్రాన్ని చూసి అక్క ముఖం బిగుసుకుంది.

"అది వద్దన్నానుగా."

"కొట్టు కోసం వద్దు. రంపం కోసం వద్దు, నీ కూతురి కోసమూ వద్దు" అంది చెల్లెలు, పెదవులు అక్కకు బాగా కనిపించేలా. "దీని కోసం. ఒక్కసారి. ఇక్కడ మనల్ని చూసేవాళ్లెవరూ లేరు."

అక్క గిన్నె వైపు చూసి, జుట్టు పక్కకు తోసి, చెవి ఇచ్చింది. చెల్లెలు యంత్రాన్ని అమర్చింది. చెట్లన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టు అక్క భుజాలు ముడుచుకున్నాయి. ఆకు నుంచి జారే నీటిచుక్కకు ఉలిక్కిపడింది. తన ఊపిరి తనకే వినిపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెల్లెలు తొందరపెట్టలేదు. రాళ్లు మోసేవాళ్లు బరువు దించుకున్నట్టు, కాసేపటికి ఆ భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"కళ్లు మూసుకో" అంది చెల్లెలు.

అక్క ఒక కన్ను మూసింది.

"రెండూ."

అక్క రెండవ కన్ను కూడా మూసింది. అలవాటు కొద్దీ ఆమె కుడి చెయ్యి వీపు వెనక్కు వెళ్లింది. చెల్లెలు ఎడమ చెయ్యి వెనక్కు పోనిచ్చి ఆ వేళ్లను పట్టుకుంది. నొక్కలేదు, ఊరికే పట్టుకుంది. కుడి చేతిలోని ఎర్రగిన్నె మీద మెల్లగా ఊపిరి తగిలించి, అక్క చెవి దగ్గరికి తీసుకువెళ్లింది.

తెల్లని పొగ లేచింది. ఈసారి దాన్ని అక్క చూడలేదు.

అక్క వేళ్లు బిగిశాయి. ఒకసారి, గట్టిగా. మూసిన కళ్ల కింద నుంచి నీళ్లు వచ్చాయి. తుడుచుకోవడం కూడా ఆమెకు గుర్తు రాలేదు.

"ఇంతేనా?" అంది గుసగుసగా, తన గుసగుసకే మళ్లీ ఉలిక్కిపడుతూ. "ఇంత చిన్నదా? నేనింకా ఏదో పెద్ద..." ఆగిపోయింది. "మళ్లీ ఒకసారి."

రెండవ గిన్నె, మూడవ గిన్నె. నాలుగవది ఊదినా పలకలేదు. పర్వాలేదంది అక్క. యంత్రం మీదికి చెయ్యి వెళ్లింది, తీసేస్తుందనుకుంది చెల్లెలు. తీయలేదు. అది గట్టిగా కూర్చున్నదో లేదో చూసి, జుట్టును దాని మీదికి కప్పకుండా చెవి వెనక్కే దోపుకుంది.

"కళ్లు మూసుకుని విన్నాను. ఇప్పుడు చెబితే దొంగతనం కాదుగా?"

"ఏం చెబితే?"

"పేరు. అప్పుడు పెట్టిందే, మార్చలేదు. వినకుండా పెట్టిన పేరు పైకి చెప్పడానికి మనసొప్పలేదు. అందుకని నీకు పెట్టుకున్నాను. ఆ గిన్నే, నువ్వూ, ఇద్దరూ నా చెవి దగ్గరే ఉండేవాళ్లు కదా."

ఏ పేరో చెల్లెలికి తెలుసు. తెలిసినా అడిగింది, చిన్నప్పుడు అడిగినట్టే.

"చెప్పవే."

అక్క కళ్లు తెరిచింది. గిన్నె వైపు కాకుండా చెల్లెలి వైపు చూసి, ఎంత గట్టిగా పలకాలో ఇంకా తెలియని కొత్త గొంతుతో, చెట్లన్నీ వినేలా పిలిచింది.

"చెవిపోగూ!"